ఖాతా లేని మందు

మేనేజరు గది అద్దం అవతల నరహరి చాయ్ తాగుతున్నాడు. నన్ను చూశాడు. చూసి, చూడనట్టు కంప్యూటర్ వైపు తిరిగాడు. కాదులే, చూసి ఉండడు, అద్దం మీద అంటించిన ఇంటి లోను బొమ్మ అడ్డం ఉంది, ఆ బొమ్మలో కొత్త ఇంటి తాళంచెవి పట్టుకుని నవ్వుతున్న మొగుడూ పెళ్లాం సరిగ్గా నా మొహానికే అడ్డం నిలబడ్డారు. పనిలో మునిగి ఉంటాడు పాపం. పాపం అంటున్నాను చూడు, ఇంకా. పొద్దున పళ్లు తోముకుంటుంటే బ్యాంకు నుంచి ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ సంస్థ ఖాతాలో లావాదేవీలు నిలిపివేశాం, ఈ రోజుతో ఖాతా మూసివేయబడుతుంది అని, అప్పుడు కూడా నాకు మొదట తట్టింది ఒక్కటే, నరహరికి తెలిసి ఉండదు, తెలిస్తే ఊరుకుంటాడా అని. అందుకే లైసెన్సు కాగితాల కంటే ముందు వాళ్ల అమ్మకు ఇవ్వాల్సిన మందు సీసానే సంచిలో పెట్టుకున్నాను. అలవాటు అలాంటిది. తుపాకీ వాచ్‌మన్ కుర్చీ చూపించి "బేసో నే బేన్, సాహెబ్ బోలావ్‌శే" అన్నాడు. పిలుస్తాడట, కూర్చోమన్నాడు. కూర్చున్నాను. ఏసీ గాలి నేరుగా మెడ మీదకే వస్తోంది. బయట సూరత్ ఉధ్నా రోడ్డు మీద చీరల మూటలు ఎత్తుకున్న టెంపోలు హారన్ కొడుతున్నాయి, తలుపు తెరిచినప్పుడల్లా ఆ మోతా, పాండేసరా అద్దకం మిల్లుల వైపు నుంచి రంగునీళ్ల వాసనా లోపలికి వచ్చి, తలుపు మూసుకోగానే తెగిపోతున్నాయి.

సాయంత్రంలోగా డబ్బు పోవాలి. అదొక్కటి. ఉత్తరాది కొండల్లో ఆకు తూచి, మూటలు కట్టి, సర్కారు సీలు వేసి పెట్టారు, ఇవాళ నా సంస్థ ఖాతా నుంచి వాళ్ల ఖాతాలో డబ్బు పడితేనే పర్మిట్ మీద ఆ మూటలు కదులుతాయి. పడకపోతే పర్మిట్ రద్దు, మళ్లీ అర్జీ, మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగడం, అదంతా అయ్యేసరికి ఏడాది. నగదు తీసుకోరు. మా ఆయన ఖాతా నుంచి పంపినా తీసుకోరు, లైసెన్సు ఎవరి పేరు మీద ఉంటే ఆ పేరే ఉండాలి. నా కార్ఖానాలో పాత ఆకు గిన్నె అడుక్కి వచ్చింది. సీసాలు పట్టే అల్మారా ఖాళీ, ఉన్న ఆఖరిది నా ఒళ్లోనే సంచిలో ఉంది. వేరే బ్యాంకుకు పోవచ్చు కదా అంటారు ఎవరైనా. పోయాను. ఇంకో ఖాతా ఉంటే మంచిదని పోయిన ఏడాదే రెండు చోట్ల తిరిగాను. ఏం మందు బేన్ అంటారు, విజయ అంటాను, విజయ అంటే అంటారు, గంజాయి మొక్క ఆకు అనేసరికి కుర్చీ వెనక్కి జరుపుకుంటారు. అది చట్టం ఒప్పుకున్న ఆకు, ఆయుర్వేదం లైసెన్సు ఇదిగో, ఎక్సైజు కాగితం ఇదిగో అని నేను చెబుతూనే ఉంటాను, వాళ్లు నా వెనక ఎవరైనా పోలీసు ఉన్నాడా అన్నట్టు తలుపు వైపు చూస్తూనే ఉంటారు. శివరాత్రికి అదే ఆకు నూరి ఠండాయిలో కలుపుకుని తాగి, తెల్లారి వచ్చి అవే కుర్చీల్లో కూర్చుంటారు మహానుభావులు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదు. సర్కారు లైసెన్సు ఇస్తుంది, బ్యాంకు ఖాతా ఇవ్వదు.

మావా డబ్బావాడికి మాత్రం ఖాతా ఉంది. బ్యాంకు మెట్ల కిందనే ఉంది ఆ డబ్బా. వక్కా, పొగాకూ, సున్నమూ ప్లాస్టిక్ కాగితంలో వేసి అరచేత నలిపి ఇస్తాడు, ఎదురుగా వేలాడే స్కాన్ అట్ట మీద ఈ బ్యాంకు పేరే ఉంటుంది. మెట్లెక్కుతూ చూశాను, మగ్గం మీద నుంచి అప్పుడే దిగివచ్చిన పిల్లాడిలా ఉన్నాడు ఒకడు, నలుపుకుని బుగ్గన పెట్టుకున్నాడు. మా నాన్న వెంకటయ్య కూడా అదే బుగ్గన పెట్టుకునేవాడు, ఎడమ బుగ్గన. సిరిసిల్ల పక్క ఊరి నుంచి వచ్చి ఇక్కడి వడోద్‌లో మరమగ్గాల మీద రాత్రి పాళీ చేసిన మనిషి, మావా లేకపోతే నిద్ర పడుతుందనీ, నిద్రపడితే పోగు తెగింది కనపడదనీ అనేవాడు. చివరికి క్యాన్సరని ఎడమ దవడ తీసేశారు. తీసేసినా నొప్పి ఆగలేదు. మగ్గాల మోతకు చెవులు ఎప్పుడో పోయాయి, తన అరుపు తనకే వినపడేది కాదు, అందుకే ఇంకా గట్టిగా అరిచేవాడు. తువ్వాలు నోట్లో కుక్కుకోబోతే కుక్కుకోవడానికి దవడ ఏదీ. మా చాల్‌లో వరస ఇళ్లన్నీ వినేవి, పక్కవాళ్ల పిల్లలు పరీక్షలకు చదువుకోలేక మేడ మీదకు పోయేవాళ్లు, ఒక్కరు కూడా ఏమీ అనలేదు. నేను అప్పటికే ఆయుర్వేదం డిగ్రీ పట్టా పట్టుకుని కషాయాలు అమ్ముకుంటున్న డాక్టరమ్మను. సొంత తండ్రికి ఒక్క రాత్రి నిద్ర ఇవ్వలేని డాక్టరమ్మను. ఆయన పోయాకే పాత గ్రంథాల్లో విజయ గురించి చదివాను, లైసెన్సు కోసం తిరిగాను, నూనె కాచడం నేర్చుకున్నాను. ఆలస్యంగా నేర్చుకున్నాను.

నువ్వుల నూనెలో ఆకు ముద్ద వేసి సన్నటి సెగ మీద కాయాలి. తొందరపడితే మాడుతుంది, ఏమరితే పచ్చిగా ఉంటుంది. అయ్యిందో లేదో తెలియాలంటే దూదివత్తిని ఆ నూనెలో ముంచి వెలిగించాలి, చిటపట అంటే ఇంకా నీళ్లున్నట్టు, చప్పుడు లేకుండా నిలకడగా మండితే పాకం వచ్చినట్టు. నరహరి కూడా అలాగే మాట్లాడేవాడు మొదట్నుంచీ, చిటపట లేకుండా. ఈ బ్రాంచికి మేనేజరుగా వచ్చిన కొత్తలో మన సమాజం వాళ్లంతా పోయి శాలువా కప్పాం, మనవాడు, కరీంనగర్ దిక్కు పద్మశాలి పిల్లగాడు, సూరత్‌లో బ్యాంకు కుర్చీ ఎక్కాడని. తెలుగు మాట వినిపించే కుర్చీ అంటే మాకు అంత సంబరం. అందరూ పోయాక నన్ను ఆగమని, అక్కా, మా అమ్మకు క్యాన్సర్ వెన్నెముకలోకి పాకింది, డాక్టర్లు ఇంక నొప్పికే మందు అంటున్నరు, నువ్వేదో చేస్తవంట గద అన్నాడు. కళ్లలో నీళ్లు. అవి దొంగ నీళ్లు కావు. అదే నాకు ఇప్పటికీ అర్థం కానిది, ఆ నీళ్లు నిజమే.

నరహరి అమ్మ సమ్మవ్వను మొదటిసారి చూసినప్పుడు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పలకరిస్తే పలకలేదు, నొప్పికి మాట కూడా బరువే. నాలుక మీద చుక్కలు వేసి, పాలు తాగించి, ఆ మధ్యాహ్నమంతా పక్కనే కూర్చున్నాను. పొద్దు వాలే వేళకు ఇటు తిరిగింది. తిరిగి, నా చీర అంచు పట్టుకుని చూసి, గిది ఏ మగ్గం మీదిది బిడ్డా, పడుగు గింత పలుచగున్నదేంది అంది. నేను నవ్వాను. నరహరి తలుపు దగ్గర నిలబడి ఏడ్చాడు. ఆనాటి నుంచి ప్రతి నెలా సీసా నేనే పట్టుకుపోతాను, ఆ ముసలమ్మ నా కోసం జొన్నరొట్టె చేయించి పెడుతుంది, నొప్పి లేని పూట లేచి బతుకమ్మ పాట ఒక చరణం పాడి మిగతాది మరిచిపోతుంది. ఈసారి బతుకమ్మకు డిండోలి మైదానానికి తీసుకుపో బిడ్డా, ఆడకపోయినా కూసుండి చూస్త అంది. బయట గర్బా పందిళ్లకు కర్రలు పాతుతున్నారు, వస్తూ చూశాను, అంటే బతుకమ్మ కూడా వచ్చేసినట్టే. సీసా ఒక్కటే ఉంది. ఆ సీసా అయిపోయేసరికి పండుగ కూడా అవుతుందో, పండుగకు ముందే సీసా అయిపోతుందో.

ఎవరో ఒక సేఠ్ వచ్చాడు. అడగకుండానే లోపలికి పోయాడు, నరహరి లేచి నిలబడి చేయి కలిపాడు. నన్ను పిలవలేదు. మళ్లీ ఒకామె పోయింది, ఆమె కూడా నా తర్వాత వచ్చిందే. వాచ్‌మన్ నా వైపు చూసి తల దించుకున్నాడు. వాడికి తెలుసు అన్నమాట. వాచ్‌మన్‌కు తెలిసింది మేనేజరుకు తెలియకుండా ఉంటుందా. ఉండదు అనూ, ఉండదు. అనురాధా, నీకు నలభై ఎనిమిదేళ్లు, నీ అమాయకత్వానికి ఇంకా పాలపళ్లు ఊడలేదు. లేదు లేదు, పైవాళ్లు ఆర్డరు వేసి ఉంటారు, పాపం నాకు ఎలా చెప్పాలో తెలియక దాక్కుంటున్నాడు. చెల్లెలో అక్కో అయితే మొహం చూపించడం కష్టమే. మొన్న నూలు పున్నమి నాడు నేనే కట్టాను కదా పోగు. మాకు రాఖీ కంటే ముందు ఆ పోగే. మార్కండేయుడి గుడిలో పూజ చేసిన నూలు, పసుపు పూసి, కుడి చేతికి మూడు చుట్లు చుడతాం, కట్టించుకున్నవాడు కట్టినదాని మానం కాపాడాలని. గుడి ఊరేగింపు అయ్యాక వాళ్లింటికి పోయి సమ్మవ్వ ఎదుటే కట్టాను. ఆమె మంచం మీద నుంచే, ఇగ నా బిడ్డకు తమ్ముడు దొరికిండు అంది. నాకు తమ్ముళ్లు లేరు.

ఆ రోజే, ఆ ఇంట్లోనే, చెప్పాను. చెప్పించాడు అనాలా? సేమియా గిన్నె చేతిలో పట్టుకుని పక్కన కూర్చుని, అక్కా, నీ ఖాతాల ఆయుర్వేద మందులు అని రాసుంది గద, అసల ఏం మందో నాకు సాఫ్ చెప్పు, ఆకు యాడికెంచి వస్తది, ఎవరికి పైసలు పంపుతవు, అన్నీ చెప్పు, రేపు ఎవడన్న అడిగితే నేనే గవాయి ఉంట అన్నాడు. సాక్షిగా ఉంటానన్నాడు. మా ఆయన పరమేశ్ ఎప్పట్నుంచో తల పగలగొట్టుకుంటున్నాడు, ఆకు మాట ఎత్తకే, మూలికలు అను, తైలం అను, ఈ దందా చేసేవాళ్లంతా గట్లనే రాసుకుంటున్నరు, నీకొక్కదానికే ఎందుకు సత్తెహరిశ్చంద్రుని పెత్తనం అని. నేను విననిదాన్ని. మగ్గం ఇంట్లో పుట్టినదాన్ని. పోగు తెగితే మగ్గం ఆపు, సేఠ్‌ను పిలిచి చూపించు, అప్పుడు ముడి వెయ్యి, దాచిపెట్టి నేస్తే గుడ్డంతా పోతుంది అని మా నాన్న ఆ వినపడని చెవులతో అరిచి అరిచి చెప్పేవాడు. అదే నా తలలో గట్టిగా నేసుకుపోయింది. మేనేజరు తమ్ముడైనప్పుడు ఇంక దాపరికం ఏమిటి అనుకున్నాను. అన్నీ చెప్పాను. పూసగుచ్చినట్టు చెప్పాను. ఇంకో కులంవాడైతే, ఇంకో భాషవాడైతే చెప్పేదాన్నా? ఆ రెండు బ్యాంకుల్లో చెప్పి తిన్న దెబ్బ తర్వాత చెప్పేదాన్ని కాదు. మూలికలు అనేదాన్ని. ఆ పోగు కట్టిన చేయి సేమియా గిన్నె పట్టుకుని ఉంది కాబట్టి చెప్పాను.

పిలిచాడు. ఎట్టకేలకు వాచ్‌మన్ తలుపు తీసి పట్టుకున్నాడు. లేస్తే కాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. లోపల చల్లగా, అగరొత్తి వాసన. నరహరి లేచి నిలబడలేదు. సేఠ్‌కు నిలబడ్డాడు.

"కూసో అక్కా. చాయ్ చెప్పాల్నా?"

"చాయ్ వద్దు తమ్మీ. మెసేజ్ వచ్చింది. చూసినవా?"

"చూసిన. గిది నా చేతుల లేదక్కా. పైకెంచి వచ్చింది. రిస్క్ దందా అని లిస్టుల పెట్టిండ్రు."

పైకెంచి. ఆ మాట వినగానే నాకు, నమ్ముతారో లేదో, గుండె కుదుటపడింది. చూశావా, వీడు కాదు, పైవాళ్లే. ఆ ఒక్క క్షణం ఎంత హాయిగా ఉందో. మరి ఎందుకు అడిగాను ఆ తర్వాతి మాట? అడగకుండా ఉంటే తమ్ముడు తమ్ముడిలాగే మిగిలేవాడు కదా. మగ్గం ఇంటి పీడ, తెగిన చోటు కనపడేదాకా వేలు ఆగదు.

"పైవాళ్లకు నా ఆకు సంగతి ఎట్ల తెలిసింది? ఖాతాల మందులు అనే గద ఉన్నది."

నరహరి చాయ్ కప్పును పక్కకు జరిపాడు. ఖాళీ కప్పు.

"నేనే రాసిన అక్కా."

బయట హారన్లు. ఎవరో తలుపు తెరిచారు కాబోలు, రంగునీళ్ల వాసన.

"నువ్వు చెప్పినంక నేను రాయకపోతే, తెలిసి ఊకున్నడని రేపు నా మెడకే చుట్టుకుంటుండె. హైదరాబాద్‌కు బదిలీ వచ్చేటట్టున్నది, పిల్లల చదువులు, గీ టైంల నా మీద మచ్చ పడితే... నువ్వు చెప్పకపోయినా బాగుండు అక్కా. ఎందుకు చెప్పినవు?"

ఎందుకు చెప్పినవు. నన్ను అడుగుతున్నాడు. నమ్మించి గొంతు కోసినవాడు కత్తికి రక్తం అంటిందని నా మీద విసుక్కుంటున్నాడు.

"ఎప్పుడు రాసినవు?"

"పున్నమి అయినంక."

"అయినంక ఎన్నడు?"

"తెల్లారి."

తెల్లారి. అంటే పోగు పసుపు ఇంకా చేతికి అంటుతూనే ఉంది. ఆ చేత్తోనే రాశాడు. రాసి, పై నెలలో నేను సీసా తీసుకుపోతే తలుపు తీసి, అక్కా లోపలికి రా, అమ్మ నీ కోసమే చూస్తుంది అన్నాడు. నేను చెప్పులు విప్పి లోపలికి పోయి జొన్నరొట్టె తిన్నాను. కోపం రావాలి, వస్తుంది, వస్తోంది, కానీ దానికంటే ముందు సిగ్గు వచ్చింది, ఆ గుమ్మం ముందు నవ్వుతూ చెప్పులు విప్పిన నన్ను చూసి వీడు లోపల ఏమనుకుని ఉంటాడా అని. మోసపోయినవాళ్లకే ఎందుకు సిగ్గు ముందు వస్తుంది? నాన్నా, నువ్వు చెప్పింది సేఠ్‌కు పనికొచ్చే నీతి, నీకు గానీ నాకు గానీ పనికొచ్చేది కాదు. చూపించినవాడి కూలే కోసేవాళ్లు కదా నాన్నా, నీకు గుర్తులేదూ? ప్రతిసారీ కోసేవాళ్లు. అయినా పిలిచి చూపించేవాడివి.

"ఇవాళ ఒక్కరోజు ఆపు. ఆకు పైసలు పోనియ్యి. రేపు మూసుకో."

"కాదక్కా. సిస్టంల పడ్డది. నా చేతులు దాటింది."

అతని చేతుల వైపు చూశాను. కుడి మణికట్టు మీద, గడియారం కింద, పోగు ఉంది. రంగు పోయి, మురికి పట్టి, ఇంకా ఉంది. విప్పనూ లేదు, దానంతట అది తెగనూ లేదు. తెంపెయ్ అందామని నోటిదాకా వచ్చింది. కాగితాలు సంచిలో పెట్టుకుంటుంటే సీసా బల్లకు తగిలి టంగుమంది, ఆ చప్పుడుకు నరహరి ముందుకు వంగాడు. చిన్నగా, అద్దం అవతలికి వినపడకుండా అన్నాడు.

"అక్కా... అమ్మకు సీసా తెచ్చినవా?"

పర్సు తీశాడు. నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు. ఎప్పుడూ ఫోనులో పంపేవాడు, ఇవాళ నగదు. పంపడానికి ఖాతా లేదని మొట్టమొదట తెలిసినవాడు వీడే కదా.

"నగదు తీసుకోను తమ్మీ. లైసెన్సు మందు. బిల్లు కొట్టాలె, పైసలు ఖాతాల పడాలె. ఏ ఖాతా నంబరు రాయమంటవు?"

నోట్లు అలాగే ఉన్నాయి, ఫ్యాను గాలికి ఒకటి కదిలితే దాని మీద వేలు పెట్టాడు. అప్పుడు అతని కళ్లలో మళ్లీ నీళ్లు వచ్చాయి, మొదటిరోజు వచ్చినట్టే. ఇవీ నిజమే. నాకు వాటితో పని లేదు.

"అమ్మ రాత్రంతా మొత్తుకుంటది అక్కా."

"తెలుసు. మా నాయిన మొత్తుకుంటే నేను విన్న. సీసా అవ్వ చేతిల నేనే పెడత, పైసలు వద్దు. గది అయిపోయినంక ఏం చెప్తవో నువ్వే చూసుకో."

బయటికి వచ్చాను. మెట్ల కింద మావా డబ్బావాడు ఎవరికో స్కాన్ అట్ట చూపిస్తున్నాడు, డబ్బు వచ్చిందని చిన్న మైకు పెట్టె గట్టిగా చెప్పింది, బ్యాంకు పేరుతో సహా. ఎండ మొహాన కొట్టింది. ఈ ఊళ్లోనే పెరిగాను, ఈ ఊరి బళ్లో గుజరాతీలో చదువుకున్నాను, ఎప్పుడూ పరాయిదాన్ని అనిపించలేదు, ఇవాళ నా భాషలో మాట్లాడినవాడి గది నుంచి బయటికి వచ్చాక అనిపించింది. ఆటోవాడు ఎక్కడికి అన్నాడు. కార్ఖానాకు పోయి తాళం వేయాలి. పరమేశ్‌కు చెప్పాలి, చెప్పనే చెప్పాగా అంటాడు, అననీ. కొండల్లో మూటలవాళ్లకు ఫోన్ చేసి పంపవద్దని చెప్పాలి. అవన్నీ తర్వాత. సమ్మవ్వ ఉండే సొసైటీ పేరు చెప్పాను. ఆటోలో కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకోగానే ఫోన్ మోగింది. సమ్మవ్వే. ఆమె కూడా మగ్గాల పక్కన బతికిన మనిషి, ఫోనులో అరుస్తుంది, ఆటోవాడికి కూడా వినపడుతుంది.

"బిడ్డా, వస్తున్నవా? యాడున్నవ్?"

"బ్యాంకు కాడికెంచే వస్తున్న అవ్వా."

"బ్యాంకు కాడనా? అయితే ఇంకేంది, మా నరహరి ఉన్నడు గద. వాడు ఉన్నంక నీకేం రంది బిడ్డా."

చెప్పేయవచ్చు. ఒక్క మాట. నీ కొడుకు నీ మందు ఆపాడు అవ్వా, నా పొయ్యి ఆర్పాడు అని అరిస్తే చాలు, వినపడుతుంది. గొంతు దాకా వచ్చింది. గోడవైపు తిరిగి పడుకున్న ఆ వీపు గుర్తొచ్చింది, పొద్దు వాలే వేళ ఇటు తిరిగిన మొహమూ గుర్తొచ్చింది. నా నోటితో ఎందుకు? నేను చేసింది కాదు, నేనెందుకు మోయాలి?

"అవ్వా, సీసా తెస్తున్న. ఇదే ఆఖరిది."

"ఆఖరిదా? గదేంది? ఆకు దొరుకుతలేదా?"

"ఆకు ఉన్నది."

"మరెందుకు బిడ్డా?"

"నీ కొడుకును అడుగు అవ్వా. ఆయనకు ఎరుక."

ఫోనులో ఊపిరి వినపడింది, నొప్పి మొదలయ్యే ముందు తీసే పొట్టి ఊపిరి, నాకు బాగా తెలుసు. తర్వాత ఎప్పటిలాగే గట్టిగా అంది.

"గట్లనే బిడ్డా. రాత్రి అన్నం పెట్టుకుంట అడుగుత. వాడు నా కాడ ఏం దాయడు."